ఎముక కదిలినంతా ముఖం కదలదు
పాఠకుల ప్రశ్నలు: దవడ సరిచేసే ఆపరేషన్

బరంపురం నుంచి జయపురం దాకా, ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు దవడ ఆపరేషన్ మీద పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఎముక ఎంత కోస్తారని దాదాపు అందరూ అడిగారు. పెదవులు, ముక్కు, బుగ్గలు ఏమవుతాయని అడిగినవాళ్ళు కొద్దిమందే. ఎక్కువ చోటు ఆ కొద్దిమందికే ఇచ్చాం. రేపు అద్దంలో కనబడేవి అవే కదా.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్ళు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చింది. 6 మి.మీ. వెనక్కి జరుపుతామని విశాఖలో డాక్టర్లు చెప్పారు. ఆరు మిల్లీమీటర్లంటే ముఖంలో ఎంత తేడా వస్తుంది?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: గడ్డం దగ్గర దాదాపు అంతే వస్తుంది, పెదవి దగ్గర తగ్గుతుంది. గడ్డం మీది చర్మం, కొవ్వు, కండ ఎముకను గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఎముక 6 మి.మీ. వెనక్కి పోతే పైచర్మం కూడా అయిదున్నర, ఆరు దాకా పోతుంది. కింది పెదవి అలా కాదు. ముందు పళ్ళ మీద వాలి ఉండే కండ అది. పళ్ళు జరిగినదాంట్లో సుమారు 60 నుంచి 80 శాతం మాత్రమే జరుగుతుంది. అంటే మీ అమ్మాయి విషయంలో మూడున్నర, అయిదు మి.మీ. మధ్య. ఇన్నాళ్ళూ కింది పెదవి తోపుకు కాస్త ముందుకు వచ్చిన పై పెదవి కూడా కొద్దిగా వెనక్కి సర్దుకుంటుంది.

ఇవి సగటు లెక్కలు. పెదవి మందంగా ఉంటే మార్పు తక్కువ కనిపిస్తుంది, పలుచగా ఉంటే ఎముక వెంటే పోతుంది.

మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ 6 మి.మీ. మొత్తం కింది దవడ నుంచే తీస్తారా, లేక పై దవడను 3 ముందుకు తెచ్చి, కిందిదాన్ని 3 వెనక్కి జరుపుతారా? పళ్ళ కాటు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, రెండు విధాలా ఒకేలా కుదురుతుంది. ముఖం మాత్రం ఒకేలా ఉండదు. ఎముక దిండు, చర్మం గలీబు అనుకోండి. దిండు లావైతే గలీబు ముడతలు పోతాయి, దిండు చిక్కితే గలీబు వదులవుతుంది. ఎముకను ముందుకు తెచ్చిన చోట చర్మం బిగుతై, ముక్కు పక్కన గుంట నిండుతుంది, ముక్కు నుంచి నోటి కొస దాకా దిగే గీత పలచబడుతుంది. వెనక్కి నెట్టిన చోట చర్మం మిగిలిపోతుంది. అది గడ్డం కింద, మెడ మీద చేరుతుంది. మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకి, కాస్త ఒళ్ళున్నవాళ్ళకి రెండో గడ్డం తేలేది ఇక్కడే.

దవడతో పాటు నాలుక మొదలు కూడా వెనక్కి వెళ్ళి గాలి దారిని ఇరుకు చేస్తుంది. మీ అమ్మాయి గురక పెడుతుందా, పగలు కునుకుపాట్లు పడుతుందా అన్నది డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. ఈ తరహా ముఖాల్లో చాలావాటికి అసలు లోపం పై దవడ వెనకబడి ఉండటంలో ఉంటుంది. చూసేవాళ్ళ కన్ను మాత్రం కింది దవడ మీద పడుతుంది. ముఖాన్ని పక్క నుంచి చూసి, ముక్కు పక్కన బుగ్గ చప్పగా ఉందనిపిస్తే పై దవడ సంగతి తప్పకుండా అడగండి.

ప్రశ్న: నవ్వితే చిగుళ్ళు బాగా కనిపిస్తాయి. పై దవడను 5 మి.మీ. పైకి ఎత్తుతామన్నారు. ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా బంధువుల అమ్మాయికి ముక్కు వెడల్పయింది. నాకూ అలాగే అవుతుందా? ఈ భయంతో ఏడాదిగా వాయిదా వేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: భయం అర్థం లేనిదేమీ కాదు. పై దవడ ఆపరేషన్‌లో జనం ఊహించని మార్పు ముక్కులోనే వస్తుంది. కారణం చెబుతాం.

పై పెదవి లోపల, చిగురుకు కాస్త పైన ఒక వైపు దవడ పళ్ళ నుంచి ఇంకో వైపు దాకా కోసి, కండను ఎముక మీద నుంచి లేపుతారు. ఆ తరవాతే ఎముకను అడ్డంగా కోస్తారు. ఆ కోత గీతకు లెఫోర్ట్ ఒకటి అని పేరు. 1901లో రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచి డాక్టరు శవాల పుర్రెలను దెబ్బ కొట్టి, ఎక్కడెక్కడ విరుగుతున్నాయో చూసి గీతలు గుర్తించాడు. ఆయన చదివింది దెబ్బల గురించి, పేరు మిగిలింది ఆపరేషన్‌కి. సరే, కండను లేపినప్పుడు ముక్కు రెక్కల అడుగును పట్టి ఉంచే చిన్న కండలు కూడా ఎముక నుంచి ఊడిపోతాయి. వాటిని అలాగే వదిలి పైపొర కుట్టేస్తే అవి పక్కలకు జారి అక్కడే అతుక్కుంటాయి. ముక్కు అడుగు 2–3 మి.మీ. వెడల్పవుతుంది, పై పెదవి పలచబడుతుంది, పెదవి ఎర్రభాగం లోపలికి మడిచినట్టవుతుంది. దీనికి తోడు ఎముక పైకి లేదా ముందుకు కదలడం వల్ల ముక్కు కొన కూడా కాస్త పైకి తిరుగుతుంది.

ఆపడానికి రెండు కుట్లున్నాయి. మొదటిది ముక్కు కుదింపు కుట్టు. నోటి లోపలి నుంచే రెండు రెక్కల అడుగు కండనూ త్వరగా కరగని దారంతో పట్టుకుని మధ్యకు లాగి కడతారు. రెండోది పెదవి లోపలి కోతను మధ్యలో ఆంగ్ల అక్షరం వై ఆకారంలో మూయడం. అలా మూస్తే పెదవి నిడివి, నిండుదనం చాలావరకు నిలుస్తాయి. ఈ రెండూ చేస్తారా అని ముందే అడగండి. కుట్టేటప్పుడు మత్తు గొట్టం ముక్కులో ఉంటుంది. అది ముక్కును సాగదీసి ఉంచడం వల్ల ఎంత బిగించాలో కంటితో అంచనా వేయడం కష్టం. అందుకే ఆపరేషన్‌కి ముందే రెక్కల వెడల్పు కొలిచి రాసుకోవాలి. ఆ కొలత రాసుకున్నారో లేదో కూడా అడగవచ్చు. కుట్టు వేసినా కాస్త వెడల్పు రావచ్చు. ముందే వెడల్పు ముక్కు ఉన్నవాళ్ళకి అది తెలుస్తుంది, సన్న ముక్కుకి ఒక్కోసారి అందమే వస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. దవడ పైకి పోతే ముక్కు మధ్య గోడకు చోటు తగ్గుతుంది. దాని అడుగు మృదులాస్థిని, ఎముకను ఆ మేరకు చెక్కాలి. చెక్కకపోతే గోడ వంగి ముక్కు కొన ఒక పక్కకు తిరుగుతుంది, శ్వాస కూడా అడ్డుతుంది. దవడ ముందు కొసన ఉండే చిన్న ముల్లు లాంటి ఎముకను తగ్గిస్తే ముక్కు కొన లేవడమూ తగ్గుతుంది.

ఇక మీకు చెప్పిన 5 మి.మీ. సంగతి. దవడ 5 పైకి పోయినంత మాత్రాన చిగురు 5 తగ్గదు. పై పెదవి కూడా ఎముక కదలికలో సుమారు నాలుగో వంతు పైకి పోతుంది. మిగిలే లాభం మూడున్నర, నాలుగు. డాక్టరు ఈ లెక్క వేసుకునే 5 అని ఉంటారు. ఇంకాస్త ఎత్తండి అని అడగకండి. నోరు కొంచెం తెరిచి, పెదవులు వదులుగా పెట్టినప్పుడు పై ముందు పళ్ళు ఆడవాళ్ళకి 2 నుంచి 4 మి.మీ. కనిపించాలి. వయసు పెరిగే కొద్దీ పెదవి సాగి ఇది దానంతటదే తగ్గుతుంది. ఇప్పుడే పళ్ళు కనబడకుండా చేయించుకుంటే నలభైలోనే పళ్ళు లేని ముసలి నోరులా ఉంటుంది. కొలత నవ్వు మీద కాదు, ఊరికే కూర్చున్న పెదవి మీద తీయాలి. నవ్వు రోజుకో రకం.

చివరగా, మీ చిగుళ్ళు కనబడటానికి కారణం దవడే అని తేలిందా? పెదవి పొట్టిగా ఉండటం, నవ్వినప్పుడు పెదవి అతిగా పైకి లేవడం, పళ్ళ మీదికి చిగురు దిగి ఉండటం కూడా కారణాలే. వాటికి ఇంత పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు.

ప్రశ్న: ఆపరేషన్ తరవాత ముఖం ఇలా ఉంటుందని కంప్యూటర్‌లో చూపించారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: గడ్డం, పక్కవాటు గీత వరకూ నమ్మవచ్చు. పెదవులను నమ్మకండి, ముఖ్యంగా కింది పెదవిని. ఇంతకు ముందు పెదవులు బలవంతంగా మూసుకుంటున్నవాళ్ళలో ఎముక జరిగినప్పుడు మొదట ఆ బిగువు సడలుతుంది. పెదవి తన సహజమైన మందానికి వచ్చాకే జరగడం మొదలుపెడుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఇది సరిగా పట్టుబడదు. ఎక్స్‌రే, ఫొటో తీసేటప్పుడు పెదవులు బిగించి ఉంటే అంచనా మరింత తప్పుతుంది. తీసేముందు ‘అమ్మ’ అని వదిలేసి, పెదవులు ఎలా ఆగితే అలా ఉంచమనండి. తల కూడా గడ్డం ఎత్తకుండా, దించకుండా, ఎదురుగా గోడనో కిటికీనో చూస్తున్నట్టు సహజంగా ఉండాలి.

ప్రశ్న: నా వయసు 26. కింది దవడ ఆపరేషన్ అయ్యి రెండు నెలలు. కింది పెదవి, గడ్డం ఎడమవైపు మొద్దుగానే ఉన్నాయి. టీ కారినా తెలియడం లేదు. నరం తెగిపోయిందా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తెగి ఉండే అవకాశం తక్కువ. కింది దవడను చీల్చే పద్ధతిని ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ 1957లో ప్రచురించారు, 1961లో దాల్ పోంట్ దానికి మార్పు చేశాడు. నేటికీ మూలం అదే. కోత నోటి లోపల నుంచే కాబట్టి బయట మచ్చ పడదు. కానీ చీల్చే ఎముక మధ్యలోంచే పెదవికి స్పర్శనిచ్చే నరం వెళుతుంది. అది సాగినా, నలిగినా మొద్దుబారుతుంది. ఆపరేషన్ అయిన వెంటనే ఇది ఇంచుమించు అందరికీ ఉంటుంది. ఎక్కువమందికి 3 నుంచి 6 నెలల్లో చాలా భాగం తిరిగి వస్తుంది, ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది. కొంతమందికి కొద్దిపాటి చోటు శాశ్వతంగా మొద్దుగా మిగిలిపోతుంది. నలభై దాటినవాళ్ళలో ఇది ఎక్కువ.

చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే అది నరం మేలుకుంటున్న సూచన. పెదవి కదలిక వేరే నరం పని కాబట్టి మాట, నవ్వు బాగానే ఉంటాయి. బి12 మాత్రలు రాస్తారు. వేసుకుంటే నష్టం లేదు, అవి నరాన్ని పరిగెత్తిస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

నెలకోసారి దూది పోగుతో, మొండి సూదితో తాకి, మొద్దుగా ఉన్న చోటును అద్దంలో చూసి కాగితం మీద గీసుకోండి. ఆ గీత కుంచించుకుపోతోందా లేదా చూడండి. మూడు నెలలకీ ఇసుమంత మార్పు లేకపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అప్పటిదాకా టీ గోరువెచ్చగా తాగండి, కాలినా మీకు తెలియదు. గడ్డం అద్దం చూసుకుంటూ గీసుకోండి. అదే కారణంగా, మొద్దుగా ఉన్న చోట వేడి కాపడం, ఐసు రెండూ వద్దు.

ప్రశ్న: వచ్చే మాఘంలో పెళ్ళి. ఇప్పుడు చేయించుకుంటే వాపు అప్పటికి తగ్గుతుందా?
– వివరాలు వద్దన్న పాఠకురాలు, బరంపురం

జవాబు: వాపు రెండో, మూడో రోజు గరిష్ఠానికి వెళ్తుంది. ఆ రోజు అద్దం చూసి ఏడ్చేవాళ్ళు చాలామంది, అది అసలు ముఖం కాదు. కమిలిన రంగు మెడకు, ఛాతీకి దిగి పసుపుగా మారి పోతుంది. మూడు వారాలకు చాలా వాపు తగ్గి బయట తిరగవచ్చు. మిగిలినది పెదవుల్లో, బుగ్గల్లో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది నిలుస్తుంది. ఆహారం తక్కువై మూడు నాలుగు కిలోలు తగ్గుతారు గనక మధ్యలో ఒక దశలో బుగ్గలు పీక్కుపోయినట్టు కనిపిస్తాయి, అదీ తాత్కాలికమే. పెళ్ళి ఫొటోలకు ఆరు నెలల వ్యవధి పెట్టుకోండి.

అయితే మీరు క్లిప్పులు ఇంకా పెట్టించుకోలేదని రాశారు. ఆపరేషన్‌కి ముందు సాధారణంగా 12 నుంచి 18 నెలలు క్లిప్పులతో పళ్ళను సర్దాలి. ఆ దశలో కాటు, ముఖం ఇప్పటికంటే వికారంగా కనబడతాయి. పళ్ళు ఇన్నాళ్ళూ దవడ లోపాన్ని కప్పిపుచ్చుతూ వాలి ఉంటాయి, వాటిని నిటారు చేయగానే లోపం బయటపడుతుంది. ఈ మాఘానికి మాత్రం కాదు. ఆపరేషన్ ముందు, క్లిప్పులు తరవాత అనే పద్ధతీ ఉంది, కానీ అది అన్ని ముఖాలకూ పనికిరాదు. పెళ్ళి తేదీ చూసుకుని ఆ దారి పట్టకండి. పెళ్ళికొడుకుతో ఉన్న విషయం చెప్పి, పెళ్ళయ్యాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది జయపురం. విశాఖలో ఆపరేషన్ అయ్యాక కోరాపుట్, సుంకి, సాలూరు ఘాట్ మీద బస్సులో రావాలి. నాకు బస్సు పడదు, వాంతులవుతాయి. దవడలకు రబ్బర్లు వేస్తారట కదా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఇప్పుడు టైటానియం ప్లేట్లు, స్క్రూలతో ఎముకను బిగిస్తారు కనక వారాల తరబడి తీగలతో నోరు కట్టేయడం తగ్గింది. కాటు నడిపించే రబ్బర్లు మాత్రం ఉంటాయి. వాంతి వస్తే తల ముందుకు వంచండి, వెనక్కి వాలకండి. ద్రవాహారమే కాబట్టి పళ్ళ సందుల్లోంచి, బుగ్గల పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది. రబ్బర్లు వేలితో తీయడం, మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో కత్తిరించడం మీతో పాటు తోడు వచ్చేవాళ్ళకి కూడా నేర్పించి పంపమనండి. తీగ వేసి ఉంటే తీగ కట్టర్ జేబులో ఉండాలి, పెట్టెలో కాదు. వాంతుల మాత్రను బయలుదేరే అరగంట ముందే, పొడి చేసి, డాక్టరు రాసిన మోతాదులో వేసుకోండి.

ఇంకా మంచిది, మూడు నాలుగు రోజులకే డిశ్చార్జ్ చేసినా వారం రోజులు ఆస్పత్రి దగ్గరే ఉండి, మొదటి చెకప్ అయ్యాక రైల్లో రండి. పై దవడ ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలు ముక్కు చీదకూడదు. చీదితే గాలి కండలోకి దూరి కళ్ళ కింద బుస్సున పొంగుతుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

తిండి గురించి కూడా రాశారు. మొదటి రెండు వారాలు గొట్టం బిగించిన పెద్ద సిరంజితో, చెంప పక్క నుంచి. స్ట్రాతో పీల్చవద్దు, లోపలి కుట్లు లాగుతాయి. చోడి అంబలి వడగట్టి, పప్పుకట్టు, పాలు, చిలికి పల్చబరచిన పెరుగు. పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం) నీళ్ళు మంచివే గానీ వాటిలో బలం తక్కువ, అవి తాగి కడుపు నిండిందనుకోకండి. ఆ తరవాత ఆరు వారాల దాకా నమలనక్కరలేని మెత్తటి అన్నం. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి.

ప్రశ్న: మా అబ్బాయికి గ్రహణంమొర్రి. చిన్నప్పుడే పెదవి, అంగిలి కుట్టించాం. ఇప్పుడు 15 ఏళ్ళు, పై దవడ లోపలికి పోయింది. ఎముక ముందుకు తెస్తే పెదవి కూడా బాగుపడుతుందా?
– ఒక తండ్రి, మల్కనగిరి

జవాబు: కొంత. మామూలు పెదవి ఎముక ముందుకు వచ్చినదాంట్లో సగానికి కాస్త పైన వస్తుంది. కుట్టిన పెదవిలో మచ్చ కణజాలం ఉంటుంది, అది సాగదు. ఎంత వస్తుందో ముందే చెప్పడం కష్టం. పెదవి, ముక్కు దిద్దే ఆపరేషన్ దవడ కుదురుకున్నాక విడిగా ఉంటుందని ఇప్పుడే మనసులో పెట్టుకోండి. ముందు పెదవి దిద్దించి, తరవాత దవడ జరిపితే చేసిన పని పాడవుతుంది.

ఎక్కువ దూరం తేవాల్సి వస్తే ఎముకను కోసి, నాలుగైదు రోజులు ఆగి, ఒక పరికరంతో రోజుకు 1 మి.మీ. చొప్పున లాగుతారు. చర్మం, కండ కూడా నెమ్మదిగా సాగే వీలు దొరకడం దీనిలోని లాభం. లాగడం అయ్యాక ఎముక గట్టిపడటానికి రెండు మూడు నెలలు ఆ పరికరం ఉండాలి.

మాట గురించి తప్పక అడగండి. దవడ ముందుకు వస్తే దాని వెనక ఉండే మెత్తటి అంగిలీ ముందుకే వస్తుంది. ముందే ముక్కులోంచి మాట వస్తున్న పిల్లవాడికి అది పెరగవచ్చు. స్పీచ్ థెరపిస్టు ముందుగా పరీక్షించకుండా తేదీ తీసుకోకండి. పైగా 15 ఏళ్ళకి కింది దవడ ఇంకా పెరుగుతుంది. మగపిల్లలకి 18 దాటాక, ఏడాది తేడాతో తీసిన రెండు పక్కవాటు ఎక్స్‌రేలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, పెరుగుదల ఆగిందని తేలాకే చివరి ఆపరేషన్.

ప్రశ్న: గుడాకు, ఖైనీ అలవాటుంది. ఎన్నాళ్ళు ముందు మానాలి?
– ఒక పాఠకుడు, పద్మాపురం దగ్గర

జవాబు: ఆరు వారాల ముందు, పూర్తిగా. పొగ, పొగాకు రక్తనాళాలను సన్నం చేస్తాయి. లోపలి కుట్లు విడిపోతాయి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది, ప్లేటు చుట్టూ చీము పడుతుంది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ అందుకుంటే అంతే సంగతి.

వక్కపొడి, గుట్కా నమిలేవాళ్ళ సంగతి ఇంకో రకం. బుగ్గ లోపలి పొర తెల్లగా, గట్టిగా పట్టీలు కట్టిపోతుంది. నోరు మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకోకపోతే సర్జన్ చేతికి చోటుండదు. ఆ పొర సాగదు గనక ఎముక కదిలినా ముఖం మీద ఆశించిన మార్పు రాదు. ముందు ఆ జబ్బుకి వైద్యం చేయించుకోవాలి.

మీ ప్రాంతం వాళ్ళందరికీ ఇంకొక్క మాట. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశంలో వచ్చే జబ్బు) ఎక్కువ, లక్షణాలు లేకుండా కూడా ఉండవచ్చు. ఈ ఆపరేషన్‌లో రక్తం పోవడం తగ్గించడానికి మత్తు డాక్టరు రక్తపోటును కావాలని దించుతారు. సికిల్ ఉన్నవాళ్ళకి అది, ఒళ్ళు చల్లబడటం, నీరు తగ్గడం, మూడూ ప్రమాదమే. మామూలు హిమోగ్లోబిన్ పరీక్షలో ఇది బయటపడదు. సికిల్ పరీక్ష విడిగా చేయించి, ఆ కాగితం సర్జన్‌కే కాదు, మత్తు డాక్టరు చేతికీ ఇవ్వండి.